డబ్లిను నగరమున బంతియాట తొలిదినము

విదేశములకు బోయివచ్చినవారు కోటలను, కొండలను, వింతవస్తుశాలలను వర్ణించి వ్రాయుట వాడుక. ఐర్లండు దేశమునకు బోయినప్పుడు మేమును అట్టివి చాల జూచితిమి. కాని తిరిగివచ్చిన పిమ్మట మా తలపున తఱచుగా మెదలుచున్నది కోటయు గాదు, కొండయు గాదు. ఒక చలికాలపు ఆదివారమున ముప్పది వేలకు మించిన జనము నడుమ గూర్చుండి చూచిన కాలిబంతియాట. ఆటలోని మెలకువలు మాకు దెలియవు. ఆ యాటను జూడవచ్చిన జనమునుగూర్చియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. జనసమూహమన్న మన స్త్రీలకు గల భయము మీ రెఱుగనిది కాదు. కావున నిది మనకు సంబంధింపని విషయము కాదని మా నమ్మకము.

మా కుమార్తెయు అల్లుడును డబ్లినులో నుద్యోగములు చేయుచున్నారు. ఆ నగరమున నిప్పుడు తెలుగు కుటుంబములు పెక్కులు గలవు. కంప్యూటరు కంపెనీలలో బనిచేయువారు, ఆసుపత్రులలో వైద్యులుగను నర్సులుగను ఉన్నవారు, చదువుకొనవచ్చిన పిల్లలు, అందఱును గలరు. 2025వ సంవత్సరము జనవరి నెలాఖరున మేము దంపతులము వారి యింటికి జేరితిమి. ఇల్లు నగరపు టుత్తరభాగమున ఫిబ్స్‌బరో యను పేటలో నున్నది. ఎఱ్ఱ యిటుకల చిన్న యిండ్లు ఒకదానినొకటి యానుకొని వరుసలుగా నుండును. ఆ యిండ్ల కప్పులమీదుగా జూచినచో పొడవైన దీపస్తంభములు కానవచ్చును. అది డాలీమౌంటు పార్కను ఆటస్థలము. 1890లో స్థాపింపబడిన బోహిమియన్సు అను జట్టువారికి 1901 మొదలు అదియే నెలవు. మన యూళ్లలో ఇండ్ల నడుమ కోవెల యున్నట్లు అచట ఆటస్థలముండుట మాకు వింతగా దోచెను.

పొరుగింట డెబ్బదియేండ్లు దాటిన యొక పెద్దామె గలదు. ఆఱవయేట తండ్రి చేయిపట్టుకొని ఆమె డాలీమౌంటునకు బోయినదట. నాటినుండి నేటివఱకు మానలేదు. ఎఱుపు నలుపు చారల ఉన్ని మఫ్లరు ఆమె మెడను విడువదు. ఆమె భర్త మాత్రము షామ్‌రాక్ రోవర్సు అను జట్టును అభిమానించువాడు. ఆకుపచ్చ తెలుపు చారలు వారి గుర్తు. ఈ రెండు జట్లకును తరతరముల స్పర్ధ. "మా పెండ్లినాడు బంతియాట మాట యెవ్వరును ఎత్తరాదని మా తల్లి పుట్టినింటివారిచేతను అత్తింటివారిచేతను ఒట్టు పెట్టించినది" అని ఆమె నవ్వుచు జెప్పినది. ఒక యింటనే రెండు జట్లుండియు ఆ దంపతులు ఏబదియేండ్లు కాపురము చేసిరి. ఆట ఓడిన దినమున ఓడినవారి వంట గెలిచినవారు చేయవలెనని వారిలో నొక కట్టుబాటట!

ఆ లీగునుగూర్చి కొంత చెప్పవలెను. అది 1921లో ఆరంభమైనది. ఐర్లండు దేశము అప్పుడే రెండుగా చీలుచుండెను. బంతియాట పాలకసంఘమును బెల్‌ఫాస్టున నొకటి, డబ్లినున నొకటియై చీలినది. తొలి యేట ఆడిన ఎనిమిది జట్లును డబ్లిను జట్లే. ఇప్పుడు పై తరగతిలో పది జట్లు గలవు. ఒక్కొక్క జట్టు తక్కిన తొమ్మిదింటితోను నాలుగేసి మార్లు చొప్పున మొత్తము 36 ఆటలు ఆడును. పూర్వము చలికాలమంతయు ఆడువారు; 2003 నుండి ఏటి మొదటి నెలలలో నారంభించి నవంబరు నాటికి ముగించుచున్నారు.

ఆ దేశస్థులందఱును ఆ లీగును ఆదరింతురని మీరు తలంపవలదు. పెక్కుమంది ఇంగ్లండు జట్లను అభిమానించి, సముద్రము దాటి అచటి యాటలకు బోవుదురు. మఱియు దేశీయమైన గేలికు ఆటలకు ఆదరణ మెండు. ఆ యాటల సంఘమువారు తమ సభ్యులు 'పరదేశపు టాటలు' ఆడరాదనియు జూడరాదనియు 1971 వఱకు నిషేధించియుండిరి. 1938లో దేశాధ్యక్షుడైన డగ్లస్ హైడు డాలీమౌంటున బంతియాట జూచినందులకు, తమ సంఘ పోషకుడుగా నున్న ఆయనను ఆ పదవినుండి తొలగించిరి! కావున సొంత యూరి బంతియాట జట్టును అంటిపెట్టుకొన్నవారు చాలకాలము కొద్దిమందియే. కొద్దిమందియైనందుననే వారి యభిమానము గాఢమైనది. ప్రతి యేటను తొలియాటదినము వారికి ఉగాది వంటిది. పాత యేటి యోటములన్నియు నాడు మఱచెదరు.

ఆ యేటి యారంభమున బోహిమియన్సువారు రోవర్సుతో నాడవలసిన యాటను డాలీమౌంటున గాక, లాన్స్‌డౌన్ రోడ్డునందలి మహాస్టేడియమున నేర్పాటుచేసిరి. డాలీమౌంటున అయిదువేలమందికైనను చోటు చాలదు. ఆ స్టేడియమున ఏబదివేలమంది గూర్చుండవచ్చును. ఫిబ్రవరి 16వ తేదీ ఆదివారము. పెద్దామె మా యింటిల్లిపాదికిని టిక్కెట్లు కొని తెచ్చినది. ఎనిమిదేండ్ల మా మనుమరాలు గంతులు వేసెను. మా కుమార్తె ముఖము మాత్రము వాడినది.

"అమ్మా! పిల్లదానిని అంత జనములోనికి దీసికొనిపోవుట నాకిష్టము లేదు. మీరు పోయి రండు, మేమింటనుందుము" అనెను.

ఆమె భయమునకు గారణము లేకపోలేదు. 2023 నవంబరు 23వ తేదీని డబ్లిను నడిబొడ్డున ఒక పాఠశాలయొద్ద చిన్నపిల్లలు కత్తిపోట్ల పాలైరి. ఆ దుర్వార్తను సాకుగా గొని కొందఱు వలసవచ్చినవారిమీద ద్వేషము రగిల్చిరి. ఆ రాత్రి అల్లరిమూకలు బస్సులను, ట్రామును, పోలీసు బండ్లను దగులబెట్టి దుకాణములను దోచినవి. బస్సులు నిలిచిపోగా మా కుమార్తె ఆఫీసునుండి, తలకు శాలువ గప్పుకొని, సందులవెంబడి నడచి యింటికి జేరినదట. ఆనాటినుండి పదిమంది యువకులు గుంపుగా గనబడినచో ఆమె ప్రక్కదారి పట్టును. ఆ సంగతి మాకు అదివరకు జెప్పలేదు. ఆ దినముననే వింటిమి.

శనివారము సాయంకాలము పొరుగు దంపతులు మా యింటికి వచ్చిరి. వారితో డెర్రీ నగరమునుండి వచ్చిన ముసలి మిత్రుడొకడును వచ్చెను. మేము వేయించిన మినపగారెలు తినుచు వారు మఱునాటి యాటనుగూర్చి మాటలాడ దొడంగిరి. రోవర్సువారు 2020 మొదలు 2023 వఱకు వరుసగా నాలుగేండ్లు లీగు గెలిచిరనియు, ఆ వరుస మరల నారంభమగుననియు ముసలాయన బల్ల గ్రుద్దెను. 2024లో డబ్లినునందలి షెల్బోర్ను జట్టువారు పదునెనిమిదేండ్ల తరువాత లీగు గెలిచిరి. ఆ కడపటి గెలుపు డెర్రీలోనే, డెర్రీ జట్టుమీదనే, ఒక్క గోలుతో లభించినది. ఆ మాట యెత్తగనే డెర్రీ మిత్రుడు మఱియొక గారె తీసికొని కిటికీవైపు జూచెను.

మాటలలో అల్లరుల ప్రస్తావన వచ్చెను. ఎప్పుడెచ్చట గొడవ జరిగినను అది తమవారు చేసినది కాదని ఇరువురును వాదించిరి. 'అందఱును శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయము' అను మన సామెతను అల్లుడు ఇంగ్లీషున వివరింపగా ముగ్గురును విరుగబడి నవ్విరి. కాని డెర్రీ మిత్రుడు వెంటనే నవ్వు మానెను.

"నవ్వులాట కాదు. జనము తలచుకొనిన జట్టును బ్రతికింపగలదు, చంపనుగలదు. బెల్‌ఫాస్టు సెల్టిక్కు కథ వినుడు" అని చెప్పసాగెను.

ఉత్తర ఐర్లండున బెల్‌ఫాస్టు సెల్టిక్కు అను జట్టు 1891లో వెలసి, లీగును 14 మార్లు గెలిచినది. దానిని అభిమానించువారిలో కాథలిక్కులు హెచ్చు. దాని ప్రతిజట్టైన లిన్‌ఫీల్డును అభిమానించువారు ప్రొటెస్టెంట్లు. 1948 డిసెంబరు 27వ తేదీని విండ్సర్ పార్కున ఈ రెండు జట్లును ఒక్కొక్క గోలు జేసి సమముగా ముగించినవి. ముగియగనే జనము మైదానముమీద బడి సెల్టిక్కు ఆటగాండ్రను గొట్టిరి. జిమ్మీ జోన్సు అను యువకుని గట్టు క్రిందికి ద్రోసి కాలు విఱుగగొట్టిరి. చిత్రమేమన, ఆ జోన్సు తాను ప్రొటెస్టెంటే! మూకకు కన్నులుండవు గదా. సెల్టిక్కు నిర్వాహకులు ఇంక లీగునందు ఆడరాదని నిశ్చయించుకొని, ఆ యేటి యాటలు ముగియగనే 1949లో తప్పుకొనిరి. మరల లీగులోనికి రాలేదు. వారు 'స్వర్గము' అని ముద్దుగా బిలుచుకొన్న యాటస్థలమున నేడు దుకాణముల సముదాయమున్నది.

కోడిపందెమునుండి రగిలిన పల్నాటి యుద్ధము మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆటలో బుట్టిన పంతము ఆటతో ముగియక కులములను, ఇండ్లను మ్రింగుట మన నేలకును క్రొత్త కాదు.

"మఱి మీ యూరి సంగతి యేమి?" అని మేమడిగితిమి.

డెర్రీ మిత్రుడు చెప్పినది యిది. వారి జట్టుకు బ్రాండీవెల్లు అను ఆటస్థలము గలదు. అది కాథలిక్కుల పేటల నడుమ నున్నది. ఉత్తర ఐర్లండున కల్లోలము చెలరేగిన కాలమున, 1971లో, ఆట జరుగుచుండగా కొందఱు యువకులు వచ్చిన జట్టువారి బస్సును లాగికొనిపోయి కాల్చివేసిరి. అటుపిమ్మట ఇతర జట్లు అచటికి రామనినవి. డెర్రీవారు తమ సొంత యాటలను దాదాపు ముప్పది మైళ్ల దూరమున కోల్‌రేనులో నాడవలసివచ్చెను. అంత దూరము పోవువారు తగ్గిరి, డబ్బు తగ్గెను. 1972లో జట్టు లీగునుండి వైదొలగెను. ఆపై పదమూడేండ్లు ఆ యూర పెద్దయాట లేదు. 1985లో సరిహద్దు దాటి దక్షిణపు లీగున జేరిరి. నాటి పరిస్థితులలో ఆటస్థలమున పోలీసులుండుట ఆ పేటవారికి గిట్టదు. కావున జట్టువారే, పేటవారే, స్వచ్ఛందసేవకులై కాపలా కాచిరి.

"మేము పెద్దవారము నిలువబడి చూచుచుండగా మా పిల్లవాండ్రు రాయి విసరుటకు సిగ్గుపడిరి. మరల పోగొట్టుకొనుటకు మాకు శక్తి లేకుండెను. అంతే రహస్యము" అని ఆయన చెప్పి టీ త్రాగెను.

అప్పుడు రోవర్సు ముసలాయన తన దుఃఖమును విప్పెను. మిల్‌టౌనునందలి గ్లెన్‌మలూరు పార్కు 1926 మొదలు వారి యిల్లు. 1987లో యజమానులు దానిని విడిచి ఇతరస్థలమున ఆడించ నిశ్చయించిరి. ఏప్రిలు 12వ తేదీని అచట జరిగిన కడపటి యాటలో అభిమానులు విరామసమయమున మైదానములోనికి నడచి తమ యసమ్మతిని దెలిపిరి. "మేము ఎవ్వరిని గొట్టలేదు. గడ్డిమీద గూర్చుంటిమి, కొందఱేడ్చితిమి" అని ఆయన అనెను. మఱుసటి యేడు క్రొత్తచోట జరిగిన యాటలకు బోక వారు వాకిట నిలుచుండిరట. ఐనను స్థలము నిలువలేదు. అచట ఇండ్లు లేచినవి. ఆపై రెండేండ్లు రోవర్సువారు డాలీమౌంటుననే, అనగా ప్రతిపక్షుల యింటనే, తలదాచుకొనిరి. ఇరువది యేండ్లకు పైగా ఇల్లు లేక తిరిగి తిరిగి, 2009లో టాలా యను పేటలో నిలువ నీడ సంపాదించుకొనిరి. "మా పెరట మీకు చోటిచ్చితిమి, జ్ఞాపకముంచుకొనుడు" అని పెద్దామె యనగా, "అద్దె పుచ్చుకొనలేదా?" అని ముసలాయన బదులు పలికెను.

ఈ మాటలన్నియు మా కుమార్తె వంటయింటి గుమ్మమున నిలిచి వినుచుండెను. అందఱును లేచి పోవునప్పుడు ఆమె పెద్దామెను బిలిచి, "మీరు పిల్లదాని ప్రక్కనే యుందురా?" అని మాత్రమడిగెను. "నీవొక ప్రక్క, నేనొక ప్రక్క" అని పెద్దామె చెప్పెను.

మఱునాడు రైలెక్కితిమి. పెట్టెనిండ ఎఱుపు నలుపు మఫ్లరులు, ఆకుపచ్చ తెలుపు మఫ్లరులు. పాటలకు పాటలు బదులు. స్టేడియము రైలుస్టేషను ప్రక్కనే యున్నది. లోపలికి నడచుచు పెద్దామె మాతో మెల్లగా నిట్లనెను: "నిన్న రాత్రి మీ యమ్మాయి యెదుట చెప్పలేదు. సరిగా ముప్పది యేండ్ల క్రిందట, 1995 ఫిబ్రవరి 15వ తేదీని, ఈ చోటనే నేనును భయపడితిని."

అది ఐర్లండునకును ఇంగ్లండునకును జరిగిన స్నేహపు టాట. ఇరువదిరెండవ నిమిషమున ఐర్లండువారు గోలు చేసిరి. పై యంతస్తున నున్న ఇంగ్లండు అభిమానులలో కొందఱు బల్లలను, కుర్చీలను బెఱికి క్రింద నున్నవారిమీద విసరిరి. ఇరువదియేడవ నిమిషమున ఆట నిలిచిపోయి మరల సాగలేదు. పెద్దామె పదేండ్ల కొడుకుతో క్రిందివరుసలలో నుండెను. వానిని కోటులో గప్పుకొని మైదానములోనికి పరుగెత్తినదట. నాటి ఐర్లండు జట్టునకు శిక్షకుడు జాక్ చార్ల్‌టన్, ఆయన ఇంగ్లీషువాడు, 1966లో ఇంగ్లండునకు ప్రపంచకప్పు గెలిచిపెట్టిన వారిలో నొకడు. తన దేశస్థుల చేష్టకు ఆయన తలవంచుకొనవలసివచ్చెను. ఆ పాత కట్టడమును 2007లో పడగొట్టిరి. ఇప్పటిది 2010లో తెఱచినది.

"అటుపిమ్మట మీ రెప్పుడు మరల వచ్చితిరి?" అని యడిగితిమి.

"రెండు వారములకు డాలీమౌంటునకు బోతిని. పిల్లవాడు రాననెను. వానిని ఒక యేడు బ్రతిమాలితిని. భయపడినవారు ఇంటనున్నచో ఆటస్థలము భయపెట్టినవారిదే యగును గదా!" అనెను.

ఆట జరిగిన తీరు మేము వర్ణింపజాలము. రెండు కొనల రెండు జట్లవారు. మన దీపావళి మతాబులవలె ఎఱ్ఱని మంటలు, పొగ. ఉరుము వంటి కేకలు. మంటలు వెలిగించుట నిషేధమట. ఐనను వెలిగించుచునే యుందురు. మా ప్రక్కన చంటిబిడ్డ తల్లులు, ఫ్లాస్కులలో టీ తెచ్చుకొన్న అవ్వలు, తాతల భుజములమీద మనుమలు. ఆ దినమున వచ్చినవారు 33,208 మంది యని ప్రకటించిరి. ఆ లీగు ఆటకు అంతమంది వచ్చుట అదివరకు లేదని అందఱును చెప్పుకొనిరి. బోహిమియన్సువారు ఒక్క గోలుతో గెలిచిరి. గోలు పడినపుడు పెద్దామె మా కుమార్తెను గౌగిలించుకొని గంతులు వేసెను. మా కుమార్తె నవ్వుట చాల దినములకు జూచితిమి.

తిరిగివచ్చునప్పుడు మాత్రము గుండె దడదడలాడినది. స్టేషను దారి యిఱుకు. గెలిచినవారి పాటకు ఓడినవారు తిట్లతో బదులిచ్చిరి. కొందఱు యువకులు ఒకరినొకరు త్రోసికొనిరి. ఆ త్రోపు అలవలె మాదాక వచ్చెను. మనుమరాలి చేయి మా చేతిలో బిగిసినది. కుమార్తె ముఖము తెల్లబోయినది. అప్పుడు పెద్దామె గొంతెత్తి, "పిల్ల యున్నది, చూడుడు!" అని కేక వేసెను. ముందున్న పొడగరి యొకడు, ఆకుపచ్చ మఫ్లరువాడు, వెనుదిరిగి చూచి తన ముందువానితో ఆ మాటనే యనెను. వాడు మఱియొకనితో అనెను. "పిల్ల యున్నది, పిల్ల యున్నది" అని ఆ మాట ఒకరినుండి యొకరికి పోవుచుండగా జనము వెనుకకు జరిగి మాకొక దారి యేర్పడినది. ముందు తిట్టుకొనుచున్నవారును ఒక క్షణము నోరు మూసికొనిరి. మేము దాటిన పిమ్మట మరల తిట్టుకొనిరి కాబోలు! మాకది యనవసరము. రైలులో కూర్చున్న పిదప మా కుమార్తె కంట నీరు పెట్టుకొనినది.

మేము మార్చినెలలో ఇల్లు చేరితిమి. జూలై 19వ తేదీని టాలాలో ఒక భారతీయుని కొందఱు కారణము లేక కొట్టి గాయపఱచిరను వార్త వచ్చెను. ఆపై మఱికొన్ని యట్టి వార్తలు వచ్చినవి. ఆగష్టు నెలారంభమున డబ్లినునందలి మన రాయబార కార్యాలయమువారు భారతీయులను జాగ్రత్తగా నుండుడని హెచ్చరించిరి. టాలాలోనే స్థానికులు వీథికి వచ్చి ఆ దౌర్జన్యమును ఖండించిరనియు వింటిమి. కాని తల్లిమనస్సు మంచి వార్తను ఒకమారును చెడు వార్తను పదిమార్లును చదువును గదా. వెంటనే కుమార్తెకు ఫోను చేసి, "అమ్మా, సాయంకాలములు బయటికి పోకుము. పిల్లదానిని ఆటలకు పంపకుము" అని చెప్పితిమి. నాడు ఆమె వద్దనగా రమ్మన్న వారము మేము. నేడు మేమే వద్దన్నాము!

కుమార్తె కొంతసేపు మాటలాడలేదు. తరువాత నిట్లనెను: "అమ్మా! వారమునుండి నేనును ఇల్లు కదలలేదు. నిన్న పొరుగామె వచ్చి తలుపు తట్టినది. శుక్రవారము డాలీమౌంటున ఆట యున్నదనియు, తాను ఒక ప్రక్క, ముసలాయన ఒక ప్రక్క నడతురనియు చెప్పినది. ముసలాయన తన జట్టు కాని యాటకు బోవుట ఏబదియేండ్లలో అదియే మొదటిసారియట."

"నీవేమంటివి?" అని యడిగితిమి.

"పిల్లకు చిన్న మఫ్లరు అల్లి తెచ్చినది. ఇంక నేమందును?" అనెను.

సోదరీమణులారా! జనమంతయు మంచిదని మేము చెప్పజాలము. బెల్‌ఫాస్టు సెల్టిక్కు కథ విన్నవారెవ్వరు అట్లు చెప్పగలరు? జాగ్రత్త వలదనియు చెప్పము. కాని ఆ జనములో "పిల్ల యున్నది" అని కేకవేయు గొంతొకటి యుండవలెను. ఆ మాటను ముందుకు బంపువారు నలుగురుండవలెను. తిరునాళ్లైనను, రథోత్సవమైనను, బంతియాటయైనను అంతే. ఆ గొంతు తఱచుగా మన స్త్రీలదే యగును. మనము భయపడి ఇంటనున్నచో ఆ కేక వేయువారెవ్వరు?

శుక్రవారమునాటి రాత్రి ఫోను మ్రోగువఱకు మాకు నిదుర పట్టలేదు. మనుమరాలి గొంతు వినబడెను. గెలుపోటముల సంగతి మేమడుగ మఱచితిమి; అది చెప్పనును మఱచెను. చలిగాలిలో వేడివేడి బంగాళాదుంప ముక్కలు తినిన సంగతియే ముందు చెప్పినది.